కంప్యూటర్ కబుర్లు: తెర మీద కనబడింది, పద్దులో లేదు

ఈసారి పేజీ అంతా ఒకే ఉత్తరానికి ఇచ్చేస్తున్నాను. మాహూర్ నుంచి ఒక సోదరి రాశారు. అడిగింది కంప్యూటర్ ప్రశ్నే గాని, దాని వెనక ఒక ఇంటి కోడలి మాట నిలబడటమా, పోవటమా అన్న సంగతి ఉంది. పేరు వేయవద్దన్నారు గనక వేయటం లేదు.

మాహూర్ మన పాఠకుల్లో చాలామందికి తెలిసిన ఊరే. నాందేడ్ జిల్లా కొసన, పైన్‌గంగకు దగ్గరలో, కొండల మధ్య ఉంటుంది. మరాఠీవారికి రేణుకామాత, మనకు ఏకవీరాదేవి. అష్టాదశ శక్తిపీఠాలు లెక్కపెట్టే ఇంట్లో పెరిగినవారికి ఆ పేరు చిన్నప్పటి నుంచీ చెవిన పడే ఉంటుంది. పక్క కొండ మీద దత్తాత్రేయుడు, ఇంకో కొండ మీద అనసూయమ్మ. ఆదిలాబాదు వైపు నుంచి వచ్చేవారు కిన్వట్‌లో రైలు దిగి బస్సెక్కుతారు. 1956 నవంబరు 1 దాకా ఆ కిన్వట్ తాలూకా ఆదిలాబాదు జిల్లాలోనే ఉండేది. ఆ తరవాత సరిహద్దు జరిగింది గాని రాకపోకలు ఆగలేదు. నవరాత్రులొచ్చాయంటే కొండ కింద గది దొరకటం గగనం.

మన సోదరిది అక్కడ ఓ చిన్న లాడ్జి. కింద కౌంటరులో ఒక లాప్‌టాప్, మేడ మీద ఇంట్లో పెద్దమ్మాయి దగ్గర ఇంకొకటి. లోపలి గదిలో రెండు డిస్కులున్న ఒక చిన్న సర్వర్ పెట్టె. గదుల రిజిస్టరూ, రోజువారీ జమాఖర్చూ ఆ పెట్టెలోనే ఉంటాయి. ఎవరు తెరిచినా అందులోంచే తెరుచుకోవాలి.

ఉత్తరంలో ఆవిడ చెప్పింది ఇది. నవరాత్రుల్లో ఓ సాయంత్రం పాలకీ, పూలకీ, దుప్పట్లు ఉతికినందుకూ, గ్యాసుకూ కలిపి రూ. 4,350 చెల్లించారు. నాలుగు పద్దులూ వరసగా కొట్టి 'సేవ్' నొక్కారు. సేవ్ అయిందని తెర మీద వచ్చింది. మేడ మీద ఉన్న కూతుర్ని కేకేసి మొత్తం సరిపోయిందా చూడమన్నారు. ఆ పిల్ల తన మిషను మీద తెరిచి, నాలుగు పద్దులూ పైకి చదివి, కూడి, సరిపోయిందంది. ఈవిడ బిల్లులు చించి బుట్టలో పడేశారు. ఆ మాట నోట్లో ఉండగానే కరెంటు పోయింది. సర్వర్ కింద యూపీఎస్ ఉంది గాని దాని బాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కరెంటు వచ్చాక తెరిస్తే మధ్యాహ్నం దాకా రాసినవన్నీ పదిలంగా ఉన్నాయి, ఈ నాలుగూ లేవు! పెట్టెలో నగదు మాత్రం రూ. 4,350 తక్కువ. లెక్కలు చూసే మరిదిగారు రాత్రికి అడిగారు: "వదినా, రాస్తే ఎక్కడికి పోతుంది?"

"అన్నయ్యగారూ, నేను రాశాను. సేవ్ కొట్టాను. మా అమ్మాయి వేరే కంప్యూటర్లో చదివింది కూడా. నా మిషనులోనే ఆగిపోయి ఉంటే దానికెలా కనబడుతుంది? మా ఇంట్లో ఎవరూ నన్ను ఏమీ అనలేదు, కాని అందరూ ఊరుకున్నారు. ఆ ఊరుకోవటమే నాకు కష్టంగా ఉంది."

చెల్లెమ్మా, మీరు రాశారు. మీ అమ్మాయి చదవటం నిజం. డిస్కు మీద అవి పడకపోవటమూ నిజం. ఈ మూడూ ఒకేసారి నిజం కావచ్చు. ఎలాగో చెబుతాను. మీ మరిదిగారికి కూడా ఈ పేజీ చూపించండి.

పూర్వం షావుకారు కొట్లో లెక్క ఎలా నడిచేదో మన పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. బయట రాష్ట్రాల్లో పెరిగిన పిల్లల కోసం చెబుతున్నాను. జరిగింది జరిగినట్టు వరసగా రాసుకునే పుస్తకం చిట్టా. దాన్ని ఆసామీలవారీగా, ఖాతాలవారీగా విడదీసి ఎక్కించే పుస్తకం ఆవర్జా. కొట్టు రద్దీగా ఉన్నప్పుడు ఎవరూ ఆవర్జా తెరవరు. ఒక్కొక్కరి పేజీ వెతకాలి, ఇంకో పేజీకి తిప్పాలి, అంత సేపు గిరాకీ నిలబడదు. ఇంకా రద్దీ అయితే గుమాస్తా చేతిలో ఓ పలక కూడా ఉండేదనుకోండి. ముందు పలక మీద గీకి, "సరే, రాసుకున్నాను, మీరు వెళ్ళండి" అంటాడు. సందు దొరికినప్పుడు పుస్తకంలో ఎక్కిస్తాడు.

మీ సర్వర్ చేసిందీ అదే. దాని పలక పేరు మెమరీ. పుస్తకం పేరు డిస్కు.

ఎందుకలా చేస్తుందంటే డిస్కు మరీ నెమ్మది గనక. నిమిషానికి 7,200 చుట్లు తిరిగే మామూలు డిస్కు ఒక చుట్టు తిరగటానికి సుమారు 8 మిల్లీసెకన్లు తీసుకుంటుంది. కావలసిన చోటు ముల్లు కిందకి రావటానికి సగటున అరచుట్టు, అంటే 4. ముల్లు ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదలటానికి మరో 8, 9. చెదురుమదురుగా ఉన్న చోట్ల రాయమంటే సెకనుకు 80 రాతలు దాటటం కష్టం. మెమరీలో అదే పని నానోసెకన్ల లెక్క, లక్ష రెట్లు వేగం. ప్రతి రాతకీ డిస్కు దాకా వెళ్ళొచ్చి జవాబు చెప్పాలంటే, నవరాత్రుల్లో మీ కౌంటరు ముందు వరస బస్టాండు దాకా పోతుంది.

వేగం ఒక్కటే కాదు, పొదుపు కూడా ఉంది. ఒక గది పద్దును పది నిమిషాల్లో నాలుగుసార్లు దిద్దారనుకోండి. పలక మీద నాలుగుసార్లు చెరిపి రాసినా, పుస్తకంలోకి చివరిది ఒక్కసారి ఎక్కిస్తే సరిపోతుంది. పక్కపక్క పేజీల్లోకి పోవలసినవి ఒక చోట చేర్చి ఒక్క ఊపులో రాసేయవచ్చు.

మీ ప్రశ్నకు సంబంధించిన అసలు సంగతి ఇక్కడ వస్తుంది. ఇప్పుడే రాసినదాన్ని ఇప్పుడే ఎవరో చదవమంటారన్నది సర్వర్ తయారుచేసినవారికి అనుభవం మీద తెలుసు. మీరు అదే చేశారు గదా, రాసి వెంటనే అమ్మాయిని చూడమన్నారు. షావుకారు వచ్చి "ఫలానా ఆసామి బాకీ ఎంతోయ్?" అంటే గుమాస్తా ఆవర్జా ఒక్కటే చూసి చెబితే తప్పు లెక్క అవుతుంది, ఇవాళ్టి జమ ఇంకా పలక మీదే ఉంది మరి. కనక ముందు పలక చూస్తాడు. అక్కడ ఉంటే పుస్తకం ముట్టుకోకుండానే చెప్పేస్తాడు. సర్వర్ కూడా అంతే. రాసినదాన్ని మెమరీలోనే అట్టేపెట్టుకుని, చదవటానికి ఎవరొచ్చినా అక్కడి నుంచే ఇస్తుంది. ఒకసారి డిస్కు మీదకు ఎక్కించాక కూడా ఆ నకలును వెంటనే చెరపదు, చోటు చాలనంత వరకూ ఉంచుతుంది. ఇంకా ఎక్కించవలసి ఉన్న పేజీని కంప్యూటరువాళ్ళు 'డర్టీ' అంటారు, ఎక్కించేసినదాన్ని 'క్లీన్' అంటారు. (మురికికీ దీనికీ ఏమీ సంబంధం లేదు. పేర్లు పెట్టటంలో వాళ్ళకి మొదటి నుంచీ అంత శ్రద్ధ లేదు.) చదివేవాడికి మాత్రం ఈ రెండింటికీ తేడా ఏమీ కనబడదు. అవే అక్షరాలు, అదే వేగం.

మీ అమ్మాయి చదివింది డర్టీ పేజీ. ఆమె చదవగలగటం వల్ల ఒక సంగతి రుజువవుతుంది: మీ పద్దులు కౌంటరు లాప్‌టాప్ దాటి లోపలి గదిలోని సర్వర్ దాకా చేరాయి. అంటే మీరు సేవ్ కొట్టారనటానికి ఆ పిల్ల చదవటమే సాక్ష్యం. మరిదిగారి ప్రశ్నకు అంతవరకూ జవాబు వచ్చేసింది. అయితే డిస్కు చేరాయనటానికి ఆ చదవటం సాక్ష్యం కాదు. పది కంప్యూటర్ల మీద పదిమంది చదివినా కాదు, అందరికీ చూపించింది ఒకే పలక గనక. కరెంటు పోయింది, పలక తుడిచిపెట్టుకుపోయింది.

ఎంతసేపు ఆగితే డిస్కుకు చేరేవి? మీ పెట్టెలాంటి చిన్న సర్వర్లలో చాలావాటిలో నడిచేది లైనక్స్. మామూలు అమరికలో అది ఐదు సెకన్లకోసారి లేచి చూసి, 30 సెకన్లు దాటిన డర్టీ పేజీలను డిస్కుకు తోస్తుంది. పాత యూనిక్స్ మిషన్లలో కూడా ఇంచుమించు అరనిమిషం లెక్కే ఉండేది. మీరు సేవ్ నొక్కటం, అమ్మాయి చదవటం, కరెంటు పోవటం ఆ అరనిమిషంలోనే అయిపోయాయి. మధ్యాహ్నం రాసినవి ఉండి ఇవి మాత్రమే పోవటానికి కారణం అదే. పెట్టెలో రెండు డిస్కులున్నాయి గదా అని మీకు సందేహం రావచ్చు. రెండో డిస్కు ఉన్నది మొదటిది చెడిపోతే ఆదుకోవటానికి. రెండింటికీ అందని పద్దును ఏ డిస్కు కాపాడుతుంది?

"మరి సేవ్ అయిందని ఎందుకు అబద్ధం చెప్పింది?" అని అడుగుతారు. అది అబద్ధం కాదు, సగం నిజం. 'రాసుకున్నాను' అన్న మాటకు రెండు అర్థాలున్నాయి, అది మొదటిది చెప్పింది, మీరు రెండోది విన్నారు. నా అభిప్రాయంలో ఈ తప్పు ఆ ప్రోగ్రాము రాసినవారిది. డబ్బు లెక్క రాసే ప్రోగ్రాము ప్రతి పద్దుకూ సర్వర్‌ను "డిస్కు మీద పడ్డాకే జవాబు చెప్పు" అని అడగాలి. అలా అడిగే ఆజ్ఞ ఉంది, 'ఎఫ్‌సింక్' అంటారు. అడిగితే కాస్త ఆలస్యమవుతుంది, ప్రోగ్రాము మందకొడిగా ఉందని కొనేవారు సణుగుతారు. అందుకని అడగటం మానేసేవారు ఉన్నారు. నాలుగు పద్దులకు నాలుగు రెప్పపాట్లు ఆలస్యమైతే లాడ్జిలో కొంపలేమీ మునగవు.

ఈ తగాదా కొత్తదేం కాదు. ఒక కంప్యూటరు ఫైళ్ళను ఇంకో కంప్యూటరు వాడుకునేందుకు సన్ కంపెనీవారు 1980లలో ఎన్ఎఫ్ఎస్ అనే పద్ధతి తెచ్చారు. దాని రెండో కూర్పులో నియమం చాలా కఠినం: చెదరని చోట రాశాకగాని సర్వర్ 'సరే' అనకూడదు. మాట నిలబడింది గాని పని నత్తనడక అయింది. కొందరు బాటరీ ఉన్న మెమరీ కార్డులు అమర్చారు, అంటే వాన పడినా చెరగని పలక. ఇంకొందరు నియమాన్నే చూసీ చూడనట్టు వదిలేశారు. 1995లో ప్రచురించిన మూడో కూర్పులో దీనికి ఒక చక్కని దారి చూపారు. సర్వర్ పలక మీద రాసుకుని 'అందింది' అనవచ్చు, కాని అది 'పుస్తకానికెక్కింది' అని కాదని ఆ జవాబులోనే చెప్పాలి. పంపిన మిషను తన దగ్గరి నకలును అప్పుడే పారేయకూడదు. కాసేపటికి "అన్నీ ఎక్కించావా?" అని విడిగా అడిగి, ఎక్కాయన్న జవాబు వచ్చాకే చీటీ చించాలి. సర్వర్ ప్రతి జవాబుతోనూ ఒక గుర్తు సంఖ్య పంపుతుంది. మధ్యలో కరెంటు పోయి మళ్ళీ లేస్తే ఆ సంఖ్య మారిపోతుంది. అది చూసి పంపినవాడు "వీడి పలక తుడిచిపెట్టుకుపోయింది" అని గ్రహించి, దాచుకున్న చీటీలన్నీ మళ్ళీ పంపుతాడు. నాకు ఇందులో నచ్చింది ఏమిటంటే, ఎదుటివాడి జ్ఞాపకాన్ని నమ్మటం, తన దగ్గరి కాగితాన్ని దాచుకోవటం రెండూ ఒకే పద్ధతిలో ఇమిడిపోయాయి.

పెద్ద పెద్ద సర్వర్లలో రాతలు దాచే మెమరీకి చాలాచోట్ల బాటరీ పెడతారు. ఆ బాటరీ నీరసపడిందని తెలియగానే చాలా మిషన్లు తమంతట తామే పలక వాడకం మానేసి, ప్రతి రాతనూ నేరుగా డిస్కుకు పంపటం మొదలుపెడతాయి. నిన్నటిదాకా చురుగ్గా ఉన్న సర్వర్ ఇవాళ ఎద్దుబండి అయిందంటే చాలాసార్లు సంగతి ఇదే. పాడైందని తిట్టుకుంటాం గాని, అది జాగ్రత్తపడుతోందన్నమాట.

అంత ఏర్పాటు ఉన్నచోట కూడా పోతాయా అంటే, పోయాయి. 2015 ఆగస్టు 13న బెల్జియంలో గూగుల్ వారి డేటా కేంద్రానికి కరెంటు ఇచ్చే లైన్ల మీద వరసగా నాలుగు పిడుగులు పడ్డాయి. వెంటనే ప్రత్యామ్నాయ కరెంటు అందింది, బాటరీలూ ఉన్నాయి. అయినా పదే పదే బాటరీ ఖర్చు కావటంతో కొన్ని యంత్రాల్లో అప్పుడప్పుడే రాసిన డేటా కొంత దెబ్బతిన్నది. శాశ్వతంగా పోయింది అక్కడి డిస్కుల చోటులో 0.000001 శాతం కన్నా తక్కువని వారే ప్రకటించారు. అంటే పది కోట్లలో ఒక వంతుకన్నా తక్కువ. లెక్కకు చాలా చిన్నది. కాని పోయినవి 'ఇప్పుడే రాసినవి' అన్నది గమనించండి, మీ పద్దుల్లాగే. ఇలాంటివాటి కోసమే పెద్ద సంస్థలు ఒకే రాతను వేర్వేరు భవనాల్లో, వేర్వేరు కరెంటు లైన్ల మీద ఉన్న యంత్రాలకు పంపే ఏర్పాట్లు చేస్తాయి. 2022 నవంబరులో అమెజాన్ వారు హైదరాబాదులో తెరిచిన కేంద్రాల సముదాయం కూడా ఒకదానికొకటి దూరంగా ఉన్న మూడు భాగాలుగా కట్టిందే.

ఇంకో ముచ్చట చెప్పి మీ ఇంటి సంగతికి వస్తాను. "డిస్కు మీద పడిందా?" అని అడిగినప్పుడు వచ్చే జవాబయినా నమ్మదగ్గదేనా? 2018లో పోస్ట్‌గ్రెస్ అనే పేరున్న డేటాబేస్ తయారుచేసేవారికి పెద్ద దిగులు పట్టుకుంది. లైనక్స్‌లో డిస్కుకు రాయబోతే ఎక్కలేదనుకోండి. మొదటిసారి అడిగితే "ఎక్కలేదు" అని చెబుతుంది. సరే అని రెండోసారి అడిగితే "అన్నీ బాగానే ఉన్నాయి" అనేయవచ్చు! కారణం, ఎక్కని పేజీని కూడా క్లీన్ అని గుర్తుపెట్టేసి ఊరుకోవటం. 2019 ఫిబ్రవరిలో పోస్ట్‌గ్రెస్ వారు తమ ప్రోగ్రామును మార్చారు. ఇప్పుడది మొదటిసారి "ఎక్కలేదు" అన్న మాట వినగానే, రెండోసారి అడగకుండా, మామూలుగా అక్కడికక్కడ పని ఆపేసి, తన చిట్టా తెరిచి మళ్ళీ ఎక్కిస్తుంది. ఇది మాట వరసకు అన్న చిట్టా కాదు. మంచి డేటాబేసులు చాలావరకు ఆవర్జా ముట్టుకునే ముందు ఏం చేయబోతున్నదీ వరసగా ఒక పుస్తకంలో రాసి, దాన్ని ముందుగా డిస్కుకు చేరుస్తాయి. మన గుమాస్తాలకు ఇది ఎవరూ నేర్పలేదు, వాళ్ళకి ముందే తెలుసు.

పిల్లలు పెన్‌డ్రైవ్‌లు లాగేస్తుంటారు గదా, అదీ ఇదే తంతు. తెర మీద కాపీ అయిపోయినా పలక మీద ఇంకా కొంత మిగిలి ఉండవచ్చు. 2018 చివర్లో వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి పెన్‌డ్రైవ్‌లకు ఈ దాచుకునే అలవాటును మామూలు అమరికలో మాన్పించారు. అయినా 'ఎజెక్ట్' నొక్కి తీయటం మంచిది. పెళ్ళి ఫోటోలు రెండోసారి తీయించుకోలేం.

ఇక చెల్లెమ్మా, మీ లాడ్జిలో చేయవలసినవి. యూపీఎస్ బాటరీ మార్పించండి. మూడు నాలుగేళ్ళకు మించి దాని మీద ఆశ పెట్టుకోవద్దు. యూపీఎస్ నుంచి సర్వర్‌కు యూఎస్‌బీ తీగ కలిపితే, బాటరీ అయిపోవస్తుండగా సర్వర్ తనంతట తాను మెమరీలో ఉన్నదంతా డిస్కుకు ఎక్కించి పద్ధతిగా ఆగిపోతుంది. ఆ తీగ చాలాసార్లు అట్టపెట్టెలోనే ఉండిపోతుంది, వెతికి చూడండి. ప్రోగ్రాము అమ్మినవారిని పిలిచి "ప్రతి పద్దునూ డిస్కు చేరాకే సేవ్ అయిందని చూపిస్తుందా?" అని సూటిగా అడగండి. "మా ప్రోగ్రాములో ఏ ఇబ్బందీ లేదమ్మా" అన్నది ఆ ప్రశ్నకు జవాబు కాదు. సర్వర్ అమరికల్లో రాతల క్యాష్ అన్నది కనబడితే, జమాఖర్చు ఉండే చోటుకు దాన్ని తీసేయమనండి. కొంచెం నెమ్మదిస్తుంది, ఫరవాలేదు. ఇంకొకటి, బిల్లులు ఆ రోజే చించవద్దు. కౌంటరు పక్కన ఒక ఇనపతీగ వేలాడదీసి గుచ్చండి. మర్నాడు పొద్దున సర్వర్‌ను ఆపి, మళ్ళీ వేసి, నిన్నటి మొత్తం సరిపోయాకే తీగ ఖాళీ చేయండి. ఆపి వేశాక చదివినది మాత్రం పలక మీది నుంచి వచ్చినది కాదు.

పోయిన నాలుగు పద్దుల సంగతి. పాలవాడి దగ్గరా, పూలవాళ్ళ దగ్గరా, గ్యాసువాళ్ళ దగ్గరా, దుప్పట్లు ఉతికేవాళ్ళ దగ్గరా తమ తమ లెక్కలుంటాయి. అడిగి ఆ తేదీ మీద మళ్ళీ చీటీలు రాయించుకోండి. మీ నిజాయితీకి రుజువు కావాలని కాదు, పుస్తకం సరిపడాలి గనక.

మరిదిగారు ఇంకా సందేహిస్తే, పనికిరాని పాత కంప్యూటర్ ఒకటి సర్వర్‌గా పెట్టి చూడమనండి. (లెక్కలున్న పెట్టె మీద ఈ ప్రయోగం చేయవద్దు, ఉన్నవి కూడా పోతాయి.) ఆయననే ఒక పద్దు రాసి సేవ్ నొక్కమనండి. మేడ మీద అమ్మాయిని పైకి చదవమనండి. చదవటం పూర్తి కాగానే ప్లగ్గు పీకమనండి. మళ్ళీ పెట్టి తెరవమనండి. ఒకసారి ఉంటుంది, ఒకసారి ఉండదు. ఓ అయిదారుసార్లు చేయమనండి.